ఫ్రాన్స్ పల్లెలను వాహనాల రద్దీ లేకుండా సైకిల్ మీద చూడాలంటే ఏ దారి ఎంచుకోవాలి?

జూన్‌లో పదేళ్ల అమ్మాయితో ఫ్రాన్స్ వస్తున్నామనీ, ఇంట్లో ఎవరికీ రోజూ సైకిల్ తొక్కే అలవాటు లేదనీ, కార్లు తిరిగే రోడ్డు ఎక్కకుండా పల్లెలు చూడాలని ఉందనీ, అడిగిన వారందరూ లువార్ నది వెంట వెళ్లమంటున్నారనీ రాశారు. లువార్ దారి గొప్పదే. దాదాపు 900 కిలోమీటర్ల పొడవునా కోటలూ, ద్రాక్ష తోటలూ, సముద్ర తీరం దాకా తోడు వచ్చే నదీ ఉంటాయి. అయినా మీరు చెప్పిన పరిస్థితులకు నా సలహా వేరు. తూర్పు ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు దక్షిణ భాగంలో షాలోన్ నుంచి జివ్రీ, క్లూనీ మీదుగా మాకోన్ వరకు, సుమారు 70 కిలోమీటర్లు సాగే దారిని ఎంచుకోండి. ఉద్యోగరీత్యా లియోన్‌లో ఉంటున్న నేను కుటుంబంతో పలుమార్లు తొక్కిన దారి ఇది.

కారణం చెబుతాను. ఫ్రాన్స్‌లో సైకిల్ దారులన్నీ ఒక రకం కావు. 'వెలోరూట్' అని బోర్డు ఉన్న దారిలో కొంత దూరం సైకిళ్లకే ప్రత్యేకించి ఉన్నా, మిగతా దూరం తక్కువ రద్దీ గల గ్రామీణ రోడ్ల మీద సాగవచ్చు, అక్కడ కార్లు వస్తాయి. లువార్ దారిలోనూ ఇటువంటి భాగాలు ఉన్నాయి. 'వ్వా వెర్ట్' సంగతి అలా కాదు. 2004లో వాహన చట్టంలో చేర్చిన నిర్వచనం ప్రకారం అది మోటారు లేని వాహనాలకూ, పాదచారులకూ, కొన్నిచోట్ల గుర్రపు స్వారీ చేసేవారికీ మాత్రమే కేటాయించిన దారి. గంటకు 25 కిలోమీటర్ల వద్ద మోటారు సాయం ఆగిపోయే ఎలక్ట్రిక్ సైకిల్‌ను సైకిల్‌గానే లెక్కిస్తారు కనుక దానికి అభ్యంతరం లేదు. పదేళ్ల పిల్లను ముందు వదిలి వెనుక మీరు నిశ్చింతగా తొక్కాలంటే వెతకవలసినది ఈ రెండో బోర్డునే.

నేను చెబుతున్న దారి ఒకప్పటి రైలు మార్గం. 1879 ప్రాంతంలో ఫ్రేసినే అనే మంత్రి మారుమూల పట్టణాలకు కూడా రైలు చేరాలని పెద్ద పథకం వేశాడు. ఆ కాలంలో దేశమంతటా పట్టాలు పరచుకున్నాయి. తర్వాతి శతాబ్దంలో బస్సులూ కార్లూ పెరగడంతో చిన్న లైన్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అలా మూతపడిన వాటిలో జివ్రీ, క్లూనీల మధ్య ఉన్న 44 కిలోమీటర్ల భాగానికి పట్టాలు తీసేసి, తారు వేసి, 1997లో సైకిళ్లకు తెరిచారు. ఫ్రాన్స్‌లో మొట్టమొదటి వ్వా వెర్ట్ ఇదే. ఆవిరి ఇంజన్లు నిట్టనిలువు కొండలు ఎక్కలేవు కనుక రైలు మార్గం వేసినవారు గుట్టలను తొలిచీ, పల్లపు భూముల్లో కట్టలు పోసీ వాలును బాగా తగ్గించారు. చుట్టూ కొండలు కనిపిస్తున్నా మీ మోకాళ్లకు ఆ సంగతి తెలియదు. అలవాటు లేనివారికి ఇంతకంటే మేలు చేసే గుణం మరొకటి లేదు.

ఇంకొక లాభం కూడా ఉంది. కారు రోడ్డు ఊరి నడిబొడ్డులోకి తీసుకుపోయి చర్చినీ, పురపాలక భవనాన్నీ చూపిస్తుంది. పాత రైలు దారి మాత్రం ఇంటికి పెరటి గుమ్మం గుండా వెళ్లినట్లు ఊరి వెనుక నుంచి తీసుకువెళుతుంది. కూరగాయల మళ్లు, ఆరవేసిన బట్టలు, కట్టెల మోపులు, తెల్లని షారోలే ఆవుల మందలు అన్నీ కంచె అవతలే ఉంటాయి. రైల్వే గేటు కాపలాదారుల పాత ఇళ్లలో ఇప్పుడు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. అటువంటి ఒక ఇంటి ముందు చెర్రీ పళ్లు నింపిన చిన్న బుట్టలూ, పక్కన మూతకు చీలిక పెట్టిన రేకు డబ్బా మాత్రమే కనిపించాయి, మనుషులెవరూ లేరు. డబ్బాలో నాణేలు వేసి మా బుట్ట మేము తీసుకున్నాం. గింజలు ఉమ్మే పోటీలో మా పిల్లవాడికి అరగంట గడిచిపోయింది, నాకూ తొందర లేదు.

ఊళ్ల విషయానికి వస్తే, జివ్రీ దాటాక చాలా దూరం ద్రాక్ష తోటలు, తర్వాత పచ్చిక బయళ్లు. కోర్మతాన్‌లో పదిహేడో శతాబ్దపు కోట ఉంది, ఒక పూట కేటాయించదగినది. దానికి కాస్త దూరంలో దారి పక్కన గుట్ట మీద తైజే అనే చిన్న ఊరు కనిపిస్తుంది. 1940లో బ్రదర్ రోజె అక్కడికి వచ్చి ప్రారంభించిన క్రైస్తవ మఠానికి వేసవిలో ప్రపంచం నలుమూలల నుంచి యువత వేల సంఖ్యలో వస్తారు. ఆ గుట్ట ఎక్కడానికి మాత్రం రైలు దారి వదలాలి, వాలు ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

క్లూనీలో ఒక రాత్రి తప్పక ఉండండి. 910లో స్థాపించిన అక్కడి మఠంలోని మూడో చర్చి, రోమ్‌లో నేటి సెయింట్ పీటర్స్ కట్టేవరకు క్రైస్తవ లోకంలో అన్నిటికంటే పెద్దది. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని అమ్మేశారు, కొన్నవారు రాళ్ల కోసం పడగొట్టారు. ఇప్పుడు పదో వంతు కూడా మిగలలేదు. నిలిచి ఉన్న ఒక్క గోపురం దగ్గర నిలబడి, పూర్వం గోడ ఎక్కడి దాకా ఉండేదో చూపే గుర్తుల వెంట నడిస్తే, ఊళ్లో సగం ఆ చర్చి లోపలే ఉన్నట్లు అర్థమవుతుంది. అమ్మాయికి చరిత్ర విసుగనిపిస్తే పక్కనే నెపోలియన్ కాలంలో నెలకొల్పిన గుర్రపుశాల ఉంది.

క్లూనీ దాటాక దారి నెమ్మదిగా పైకి సాగి బ్వా క్లేర్ సొరంగంలోకి ప్రవేశిస్తుంది. పొడవు 1.6 కిలోమీటర్లు. లోపల దీపాలు ఉన్నాయి కానీ ఎండాకాలంలోనూ చలి వేస్తుంది, గోడల నుంచి నీరు ఊరుతుంది. చెమట పట్టిన ఒంటితో లోపలికి వెళ్లకుండా ముందే స్వెట్టర్ వేసుకోండి, కళ్లజోడు నల్లదైతే తీసేయండి. శీతాకాలంలో గబ్బిలాలు అక్కడ నిద్రిస్తాయి కనుక సొరంగాన్ని మూసి సైకిళ్లను కొండ మీది దారికి మళ్లిస్తారు. మీరు వచ్చేది జూన్‌లో కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అవతల బయటపడితే మాకోన్ సీమ. సున్నపురాయి ఇళ్లూ, మళ్లీ ద్రాక్ష తోటలూ, దూరాన సొలుత్రే అనే మొనదేలిన బండా కనిపిస్తాయి.

భోజనం గురించి మీరు అడగలేదు కానీ, మన వాళ్లకు ఇబ్బంది వచ్చేది సైకిల్ దగ్గర కాదు, అక్కడే. పల్లెల్లోని హోటళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేస్తారు, ఎంత బతిమాలినా తెరవరు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. కనుక శనివారమే రొట్టె, పళ్లు, జున్ను (చీజ్) కొని పెట్టుకోవాలి. శాకాహారులైతే 'మాంసం వద్దు' అంటే సరిపోదు, చేప తెచ్చి పెట్టే అవకాశం ఉంది. వేడి మేకపాల జున్నుతో ఇచ్చే సలాడ్ బాగుంటుంది, అయితే అందులో పంది మాంసం ముక్కలు వేయవద్దని ముందే చెప్పాలి. మేము ఒక పొట్లం కందిపొడి వెంట ఉంచుకుంటాం, తాజా రొట్టె మీద వెన్న రాసి చల్లుకుంటే దానికదే విందు. ఏ దుకాణంలోకి వెళ్లినా మొదట 'బోంజూర్' (నమస్కారం) అనండి. అది అనకుండా పని చెబితే ముఖం చిట్లించుకుంటారు.

నీటికి కంగారు పడవద్దు. పల్లె శ్మశానాల్లో సమాధుల మీది పూలకు నీళ్లు పోయడానికి కుళాయి ఉంటుంది, సైకిల్ యాత్రికులు అక్కడే సీసాలు నింపుకుంటారు. మన అలవాట్లకు మొదట మనసొప్పకపోవచ్చు. తాగే నీరు కాదని బోర్డు ఉంటే మాత్రం ముట్టవద్దు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి, 2017 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. దారి పొడవునా జాగ్రత్త అవసరమయ్యే చోటు ఒక్కటే, మామూలు రోడ్డును దాటే పాత రైల్వే గేట్లు. అక్కడ అడ్డుకర్రలు ఉంటాయి, ఆగవలసింది సైకిళ్లే, కార్లు కావు. వాహనాలు కుడివైపు నడిచే దేశం కనుక ముందు ఎడమవైపు చూడాలని అమ్మాయికి బయలుదేరే ముందే నేర్పండి. నడిచేవారిని దాటేటప్పుడు బెల్లు దూరం నుంచే కొట్టండి.

రోజుకు పాతిక కిలోమీటర్ల లెక్కన మూడు రోజులు పెట్టుకుంటే చూడవలసినవన్నీ చూస్తూ వెళ్లవచ్చు. బస కోసం 'అక్కేయ్ వెలో' గుర్తు ఉన్న ఇళ్లను వెతకండి. ఆ గుర్తు సైకిల్ దారికి 5 కిలోమీటర్ల లోపు ఉండి, రాత్రి సైకిళ్లు భద్రపరచడానికి చోటు చూపే వారికే ఇస్తారు. షాలోన్, మాకోన్ రెండూ ఒకే ప్రధాన రైలు మార్గంలో ఉన్నాయి. కాబట్టి షాలోన్‌లో సైకిళ్లు అద్దెకు తీసుకుని మాకోన్ దాకా తొక్కి, అక్కడి పట్టణ స్టేషన్‌లో సైకిళ్లతో సహా టీఈఆర్ అనే ప్రాంతీయ రైలు ఎక్కి తిరిగి షాలోన్ చేరి అప్పగించవచ్చు. టీజీవీలు అనే అతివేగ రైళ్లు ఆగే లోషే స్టేషన్ ఊరికి బయట వేరే ఉంది, టికెట్ కొనేటప్పుడు పేరు చూసుకోండి.