గంటకు పది నాట్సా, పది నాట్సా?

ఓడ “గంటకు పది నాట్స్” వేగంతో పోతోందనడం సరైనదేనా, నాట్ అంటే ముడి కదా, దానికీ వేగానికీ ఏం సంబంధం అని అడిగారు. “గంటకు” అక్కర్లేదు. నాట్ అంటేనే గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు.

ముడి మాత్రం నిజంగా తాడు ముడే. తెరచాప ఓడల కాలంలో చెక్క పలక అంచుకు సీసం బిగించి, అది నీళ్లలో నిటారుగా నిలిచేలా చేసి, తాడు కట్టి ఓడ వెనక వదిలేవాళ్లు. పలక నీళ్లలో ఉన్నచోటే ఆగుతుంది, ఓడ ముందుకు పోయే కొద్దీ తాడు చుట్ట విడిపోతుంది. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకొక ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు జారితే అన్ని నాట్స్. ఆ పలకను లాగ్ అనేవాళ్లు. మన ఆఫీసు జీపు డ్రైవర్ రాసే లాగ్‌బుక్ పేరు అక్కడి నుంచి వచ్చిందే.

కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ దాటించే మరబోటు మీద నేను దీన్ని చేసి చూశాను. నైలాన్ తాడుకు 7.7 మీటర్లకొక ముడి వేసి, ఫోన్‌లో 15 సెకన్లు పెట్టుకున్నాను. బోటు నడిపే అన్నను ఒకే వేగంతో దిగువకు పోనిమ్మన్నాను. తాడు అరచేతిలోంచి జారుతుంటే ముడి తగిలిన ప్రతిసారీ వేళ్లకు తెలుస్తుంది, చీకట్లోనైనా లెక్కపెట్టొచ్చు. నాలుగు ముడులు పోయాయి. ఫోన్‌లో జీపీఎస్ మాత్రం ఐదు నాట్స్ చూపించింది.

రెండూ సరైనవే. వరద తగ్గినా నదిలో ఇంకా పారకం ఉంది, పలక కూడా ఆ నీటితో పాటే కొట్టుకుపోతోంది. అందుకే తాడు చెప్పేది నీటితో పోలిస్తే బోటు వేగం, ఒడ్డుతో పోలిస్తే కాదు. సముద్రం మీద ప్రవాహాన్ని విడిగా లెక్కలో కలపకపోతే ఓడ ఎక్కడుందో అంచనా తప్పుతుంది. నాట్ గురించి అన్నిటికంటే ముఖ్యంగా తెలుసుకోవాల్సింది ఇదే అంటాను.

నాటికల్ మైలు అక్షాంశంలో ఒక నిమిషానికి, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు, సరిపోయే దూరం. మహబూబ్‌నగర్‌కూ హైదరాబాద్‌కూ అక్షాంశంలో తేడా సుమారు 39 నిమిషాలు, అంటే నేరుగా ఉత్తరానికి కొలిస్తే 39 నాటికల్ మైళ్లు, దాదాపు 72 కిలోమీటర్లు. మ్యాప్ మీద లెక్క ఇంత సులువు కాబట్టే విమానాల వాళ్లూ దీన్ని వదల్లేదు.

తుపాను వార్తల్లో గాలి వేగం నాట్స్‌లో కనిపిస్తే, రెట్టింపు చేసి అందులో పదో వంతు తీసేయండి. 40 నాట్స్‌కు 72 వస్తుంది, అసలు లెక్క 74 కిలోమీటర్లు.