పొట్టిమూతి ఎలుగుబంటి మాంసం మాత్రమే తినేదా? కాలిఫోర్నియా ఎముకలు ఏం చెబుతున్నాయి?

మంచుయుగంలో ఉత్తర అమెరికాలో తిరిగి, అంతరించిపోయిన ఈ పొట్టిమూతి ఎలుగు మాంసం తప్ప ఇంకేమీ ముట్టేది కాదని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్ళని ముందు దాని పళ్ళు చూడమనండి.

2018లో నాన్నని లాస్ ఏంజెలెస్‌లో లా బ్రియా టార్ పిట్స్‌కి తీసుకెళ్ళాను, నేలలోంచి తారు ఊరి మంచుయుగపు జంతువులు ఇరుక్కుపోయిన గుంటలవి. పార్కింగ్ కోసం తిరిగిన టైములో ఇంకో మంచుయుగం వచ్చి పోయేది. అప్పటికి మూడు రోజులుగా ఆయనకి పంటినొప్పి, దవడ మీంచి చెయ్యి తియ్యట్లేదు. తారు వాసన తగలగానే "ఏంరా, రోడ్డేస్తున్నారా?" అన్నారు.

మ్యూజియంలో ఒక గోడ నిండా డైర్ వుల్ఫ్ అనే అంతరించిన పెద్ద తోడేలు పుర్రెలే, నాలుగు వందల దాకా. ఆ తారులో దొరికిన తోడేళ్ళు నాలుగు వేలకు పైనే, ఎలుగులు మాత్రం పదుల్లో. తారులో ఇరుక్కున్న జంతువు మీదికి తోడేళ్ళు మందగా ఎగబడి అవీ ఇరుక్కున్నాయి. ఒంటరిగా తిరిగే ఎలుగుకి అంత ఆత్రం ఉండదని నా లెక్క.

పొట్టిమూతి ఎలుగు లేచి నిలబడితే పదకొండు అడుగులు. "మన నల్లమల ఎలుగ్గొడ్డుకి పెదనాన్నలా ఉందే" అన్నారు నాన్న. ఆయనది ఆత్మకూరు వైపు. దీని దగ్గరి చుట్టం దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ఉందంటే ఆయనకి నచ్చలేదు.

ఇక్కడి ఎలుగుల్లో పుచ్చుపళ్ళు కనిపించాయని 2017లో ఒక పరిశోధన పత్రం వచ్చిందని చెప్పాను. వట్టి మాంసం తినేవాటికి పళ్ళు పుచ్చడం అరుదు, తీపో పిండిపదార్థమో తగలాలి. అలాస్కాలో, కెనడాలోని యూకాన్‌లో దొరికిన ఎముకల్లోని నైట్రోజన్ మాత్రం (తిన్న తిండిని బట్టి అది మారుతుంది) మాంసం వైపే మొగ్గుతుంది. అంటే ఏ చోట ఏది దొరికితే అది. ఈ జాతికి 1879లో అమెరికా శిలాజ శాస్త్రవేత్త కోప్ పేరు పెట్టింది కూడా ఉత్తర కాలిఫోర్నియాలోని పాటర్ క్రీక్ గుహలో దొరికిన ఎముకలతోనే.

నాన్న ఒక్క నిమిషం దాని దవడ కేసి చూసి, "దీనికీ పిప్పిపన్నేనా! తేనెపట్లు పీకి తినుంటుందిరా, మనవి ఇప్పపూలు తినట్లేదూ?" అన్నారు.

మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గరికెళితే రూట్ కెనాల్‌కి చెప్పిన రేటుతో కర్నూలు వెళ్ళి రావచ్చు. ఇన్సూరెన్స్ సంగతి అడక్కండి. ఇంకో రెండు వారాలు బుగ్గన లవంగం పెట్టుకుని గడిపి, కర్నూలు వెళ్ళి పీకించుకున్నారు.