ప్రార్థనలో ఫిర్యాదులు పెట్టకు తల్లీ

చిట్టితల్లికి,

పెళ్ళయిన మొదటి రోజు నుంచే నువ్వూ, కాబోయే మీ ఆయనా కుటుంబ ప్రార్థన పెట్టుకుంటారట, మీ నానమ్మ చెప్పింది. వినగానే గుండె నిండిపోయింది. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

ఒక వేళంటూ పెట్టుకోండి, పావుగంట దాటనివ్వకండి, వాక్యం వంతులవారీగా చదవండి. ఇవి నీకు తెలియనివి కావు.

మీ నాన్నకి అప్పుడు పదమూడేళ్ళు. మార్కుల కాగితం దాచేసి, ఇంకా ఇవ్వలేదని నాతో అన్నాడు. అబద్ధమని నాకు తెలిసిపోయింది. పక్కకి పిలిచి అడగాల్సింది. అడగలేదు. రాత్రి అందరం మోకాళ్ళ మీద ఉండగా, "ప్రభువా, ఈ ఇంట్లో అబద్ధమాడే బిడ్డ ఉన్నాడు, వాడి మనసు మార్చు" అని గట్టిగా ప్రార్థించాను. పేరు ఎత్తలేదు గదా అనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే వాడు బైబిలు అట్ట మూలని గోటితో గీరుతున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. చెల్లెళ్ళు వాడినే చూస్తున్నారు. నేను ఆమెన్ అన్నాను. వాడు అనలేదు.

నేను దేవుడితో మాట్లాడలేదమ్మా. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని పసివాణ్ణి కొట్టాను. నేను తిడితే ఎదురు చెప్పేవాడేమో, ప్రార్థనకి ఏమని ఎదురు చెబుతాడు? ఆ తర్వాత రోజూ వచ్చి కూర్చునేవాడు గానీ నోరు విప్పేవాడు కాదు. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని బైబిల్లో కొలొస్సయులకు 3:21లో ఉంది. సంఘంలో ఎన్నిసార్లు చదివి వినిపించానో. అది నా ఇంటికీ చెప్పిన మాటని తోచలేదు. వాడి దగ్గరికెళ్ళి క్షమించమని అడగడానికి పదకొండేళ్ళు పట్టింది. "ఎప్పటి సంగతో నాన్నా, వదిలెయ్" అన్నాడు. కాసేపాగి, ఆ కాగితం దిండు గలీబులో దాచానని వాడే చెప్పాడు.

మీ ఆయన మీద కోపమొస్తే ఆయన మొహం చూసి చెప్పు, ప్రార్థనలో చెప్పకు. సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలవకూడదని ఎఫెసీయులకు 4:26 చూపించి, అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించుకోకు. ఆ వచనం నీ కోపం సంగతి చెబుతుంది, ఎదుటివాళ్ళది కాదు. మొండిదానివి నువ్వు. చిన్నప్పుడు అలిగి తలుపు వెనక నిలబడితే, వచ్చి ఎత్తుకునేదాకా కదిలేదానివి కాదు. ఎత్తుకున్నది నేనే. నా గుణమే నీకూ వచ్చిందేమోనని భయం.

పెళ్ళి ముందు రోజు రాత్రి మీ నాన్నని ప్రార్థన చేయమని అడుగు. చేయనంటే బలవంతపెట్టకు. చేస్తే మాత్రం, నేను కళ్ళు మూసుకునే ఉంటాను.

ప్రేమతో,
తాతయ్య