డాలస్‌లో హోమ్ ఇన్‌స్పెక్టర్ అవ్వాలంటే సివిల్ డిగ్రీ పనికొస్తుందా?

నమస్తే అండీ. బీటెక్ సివిల్ చేశాను, హెచ్-4 ఈఏడీ (డిపెండెంట్ వీసా మీద ఇచ్చే వర్క్ పర్మిట్) మీద డాలస్‌లో ఉంటున్నాను, ఇక్కడ హోమ్ ఇన్‌స్పెక్టర్ (ఇల్లు కొనేవారి కోసం ఇంటిని పరిశీలించి రిపోర్టు ఇచ్చేవారు) అవ్వచ్చా, మన డిగ్రీకి విలువుంటుందా అని అడిగారు. తప్పకుండా అవ్వచ్చు. నేనూ గుంటూరు జిల్లాలో సివిల్ చదివి, గ్రీన్ కార్డు వచ్చాక ఈ పనిలోకి వచ్చినవాణ్ణే. డిగ్రీ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

ముందు లైసెన్స్. టెక్సస్‌లో ఇచ్చేది టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్, అందరూ ట్రెక్ అంటారు. అప్రెంటిస్‌గా చేరి మెట్టు మెట్టుగా ఎక్కే దారి ఒకటుంది. నేను నేరుగా ప్రొఫెషనల్ ఇన్‌స్పెక్టర్ అయ్యే దారి పట్టాను. 154 గంటల కోర్సులు, పైన 40 గంటల ప్రాక్టికమ్, అంటే లైసెన్స్ ఉన్నవారి వెంట ఇళ్ళకి వెళ్ళి చూసి నేర్చుకోవడం. తర్వాత రెండు పరీక్షలు. నేషనల్ పరీక్షలో 200 ప్రశ్నలు, 4 గంటల టైమ్. టెక్సస్ చట్టం, ప్రమాణాల మీద ఇంకొకటి. వేలిముద్రలు, కనీసం లక్ష డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా కావాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు వీకెండ్స్‌లో ఈ పని చేసుకుందాం అనుకుంటే కుదరదు, వీసాకే ముప్పు. ఈఏడీ ఉంది కాబట్టి మీకు ఆ టెన్షన్ లేదు, దాని గడువు తేదీ మాత్రం గమనించుకోండి.

ఇక డిగ్రీ. మనం చదివింది కాలమ్, బీమ్, కాంక్రీటు. మనకి స్లాబ్ అంటే పైకప్పు. ఇక్కడ స్లాబ్ అంటే కాళ్ళ కింద ఉండే పునాది. దాని మీద చెక్క ఫ్రేము లేపి, బయట ఇటుక కడతారు.

ప్రాక్టికమ్ మొదటి రోజు డాలస్ పక్కనే ఉన్న ప్లేనోలో ఒక ఇంటికి వెళ్ళాం. గరాజ్ పక్క గోడలో మెట్లు మెట్లుగా సన్నటి పగులు కనిపించింది. గోడ బరువు మొయ్యలేకపోతోంది అన్నాను. మాకు నేర్పే పెద్దాయన నన్ను ఆపి, ఆ ఇటుక ఏ బరువూ మోయదు, ఇంటికి చొక్కా లాంటిది, మోసేది లోపలి చెక్క అన్నారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని అడుగు వరస చూపించారు. అక్కడ ఇటుకల మధ్య సిమెంటు పెట్టకుండా నిలువు సందులు వదులుతారు, ఇటుక వెనక చేరిన నీళ్ళు బయటికి రావడానికి. చీమలొస్తున్నాయని ఇంటివాళ్ళు వాటన్నిటినీ సీలెంట్‌తో మూసేశారు. లోపలికెళ్ళి అదే గోడ అడుగున తేమ మీటర్ ఆనించగానే కూత పెట్టింది. పగులు దగ్గర ఆగిపోయిన నేను, ఆ సందుల పక్కనుంచే రెండుసార్లు నడిచి వెళ్ళాను. వీడియోల్లో ఎన్ని గంటలు చూసినా నాకు ఆ చూపు వచ్చేది కాదు. అందుకే చెప్తున్నా, కోర్సు ఎక్కడ తీసుకున్నా పర్వాలేదు గానీ ప్రాక్టికమ్ ఎవరి దగ్గర చేస్తారో విచారించి మరీ ఎంచుకోండి. పాత ఇళ్ళు, కొత్త ఇళ్ళు రెండూ చూపించేవారైతే మంచిది.

మీ చదువు నిజంగా అక్కరకొచ్చేది మట్టి దగ్గర. డాలస్ చుట్టుపక్కల చాలా చోట్ల నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. మే నెలలో మా పొలం బీటల్లో చెయ్యి దూరేది. ఇక్కడ ఆగస్టులో స్లాబ్ పక్కన మట్టి వేళ్ళు పట్టేంత ఎడంగా జరగడం చూశాను. నేల ఒకవైపు కుంగితే తలుపు గొళ్ళెం పడదు, గుమ్మం మూలల నుంచి ఏటవాలు పగుళ్ళు వస్తాయి. ఎండాకాలం పునాది చుట్టూ తడిపే పైపు వేసుకోమని చెప్పేది అందుకే. పునాది ఎలా పనిచేస్తోందో అభిప్రాయం రాసి ఇవ్వడం ట్రెక్ ప్రమాణాల ప్రకారం మన బాధ్యత.

ఆ బాధ్యత దగ్గరే నేనొకసారి తప్పు చేశాను. స్లాబ్ మూల చిన్న ముక్క ఊడి ఉంటే పునాది దెబ్బతిందని రాశాను. ఇక్కడి ఇళ్ళలో అది మామూలే, నిర్మాణానికి హాని లేదు. కొనేది మన తెలుగు జంట. ఆప్షన్ పీరియడ్, అంటే కొనాలా వద్దా అని వెనక్కి తగ్గే గడువు, నాలుగు రోజులే మిగిలింది. వాళ్ళు నిద్రపోకుండా ఇంజినీర్ని వెతికి, డబ్బు కట్టి తెచ్చుకున్నారు. ఆయన ఏమీ లేదని తేల్చారు. నా ఫీజు తిరిగిచ్చేశాను, కానీ వాళ్ళు పడిన ఆందోళనని వెనక్కి తీసుకోలేను కదా. మీ విజిటింగ్ కార్డు మీద స్ట్రక్చరల్ ఇంజినీర్ అని మాత్రం వేసుకోవద్దు. దానికి పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్స్ వేరే ఉండాలి. మనది కంటికి కనిపించినది చూసి చెప్పే పని, అనుమానం వస్తే ఇంజినీర్ దగ్గరికి పంపాలి.

కోర్సులో చేరేలోపు ఒక పని చెయ్యండి. రేపు పొద్దున్నే మీ ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. ఇటుక కింద స్లాబ్ అంచు కనీసం 4 అంగుళాలు కనిపిస్తోందా, అడుగు వరస సందులు తెరిచే ఉన్నాయా చూడండి. ఫొటోలు తీసి ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను.