చీనీతోట షెడ్డులో బిట్‌కాయిన్ మిషన్లా?

అబ్బీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. చీనీతోటలో మోటరు షెడ్డు పక్కన రేకుల గది వేసి, బిట్‌కాయిన్ అనే కంప్యూటర్ డబ్బు సంపాదించే మిషన్లు నాలుగు పెడతావట. కరెంటు సంగతేమిటంటే, "మామ లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు కదా, చూసుకుంటాడులే" అన్నావట. ముందు ఆ మాట వెనక్కి తీసుకో. రిటైరయ్యాక నేను చూసుకునేది మా ఇంటి మీటరొక్కటే.

నువ్వు ఫోటో పంపిన ఎస్19 రకం మిషన్ 3250 వాట్ల దాకా లాగుతుంది. ఆపకుండా నడిపితే రోజుకు 78 యూనిట్లు, నెలకు 2340. ఇంటి మీటరు మీద 400 దాటిన ప్రతి యూనిట్‌కూ 9.75 రూపాయలు. ఒక్క మిషన్‌కే బిల్లు 20 వేలు దాటుతుంది. నాలుగైతే నువ్వే లెక్క వేసుకో.

తోటలో ఉచిత కరెంటు ఉందంటావేమో. అది పగలు 9 గంటలే. మిగతా 15 గంటలు మిషన్లకు కాపలా పడుకుంటావా? పైగా ఆ సర్వీసు బోరు మోటరు కోసం ఇచ్చింది. వేరే పనికి వాడుతూ దొరికితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు కట్టిస్తారు. ఎప్పటినుంచి వాడావో తేలకపోతే వెనక్కి 12 నెలలకు లెక్క వేస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం 25 కేవీఏ అయితే నాలుగు మిషన్ల 13 కిలోవాట్లకే సగం పోతుంది. పక్క రైతుల మోటర్లు దేనిమీద తిరగాలి? నా సర్వీసులో ఒకాయన బోరు లైను మీద పిండిమర నడిపేవాడు. దూరపు చుట్టమని చూసీ చూడనట్టు పోయాను. ఎండాకాలం ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. ఆయిల్ కారి కింద గడ్డి నల్లబడింది. ఇంకోటి వచ్చేసరికి పది రోజులు. అదే లైను మీదున్న ఒక ముసలాయన రాలిన చీనీ పిందెలు తువ్వాలులో మూటగట్టుకొచ్చి, నా టేబుల్ మీద పోసి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

అమెరికాలోనూ ఇదే గొడవ. న్యూయార్క్ రాష్ట్రంలో ప్లాట్స్‌బర్గ్ అనే చిన్న ఊరికి నది నీళ్ల కరెంటు చౌక. దానికోసం ఇలాంటి మిషన్లతో బిట్‌కాయిన్ తీసే మైనింగ్ వాళ్లు దిగారు. చలికాలం హీటర్లు కూడా తోడై ఊరి కోటా 104 మెగావాట్లు దాటిపోయింది. తక్కువపడింది బయట ఎక్కువ ధరకు కొని, ఆ భారం ఇంటింటి బిల్లులో వేశారు. జనం గోల చేశారు. 2018 మార్చిలో కౌన్సిల్ కొత్త మైనింగ్‌ను 18 నెలలు ఆపేసింది. చైనా అయితే 2021లో మొత్తానికే వద్దంది. మన దగ్గర ప్రత్యేకంగా నిషేధం లేదు, నిజమే. కానీ అప్పు తెచ్చి షెడ్డు వేశాక రూలు మారితే వడ్డీ ఆగదు కదా. పన్ను సంగతి కూడా విను. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో డబ్బు లాభం మీద 30 శాతం కట్టాలి, అందులో కరెంటు బిల్లు ఖర్చుగా చూపించుకోవడానికి లేదు.

ఇంత చెప్పినా చేస్తానంటే, ఊళ్లో వేరే సర్వీసుకు అప్లై చేయి. లోడు ఎంతో, దేనికోసమో దాచకుండా రాయి. బిల్లు రేటుకు ఏ కెటగిరీ వేస్తారో కరెంటాఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గర రాతపూర్వకంగా తీసుకో. నోటిమాట నమ్మొద్దు, ఆయన బదిలీ అయితే నీకు సాక్ష్యం ఉండదు. ఎస్టిమేటు చేతికొచ్చేదాకా మిషన్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఆదివారం పాత బిల్లులు తీసుకుని రా, కూర్చుని లెక్క చూద్దాం. మీ అత్త ఓళిగలు చేస్తానంది.

మీ మామ
అనంతపురం