తోలు మగ్గులు చేస్తానంటున్నాడు, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మా అక్క కొడుకు డాలస్ దగ్గర ఏదో తిరునాళ్లలో కొన్నానని తోలు మగ్గు ఒకటి తెచ్చాడు. వంద డాలర్ల పైనే పెట్టాడట. అప్పటి నుంచి మావాడికి అదే ధ్యాస. యూట్యూబ్ చూసి రెండు పర్సులు కుట్టాడు, బాగానే వచ్చాయి. ఎంసెట్ రాయను, ఇవే చేసి ఆన్‌లైన్‌లో అమెరికాకు అమ్ముతా అంటున్నాడు. దీనికి కోర్సు ఉందా? అసలు తోలు గ్లాసులో నీళ్లు తాగడమేమిటి? బంధువులు ఏమనుకుంటారోనని మావారికి ఒకటే టెన్షన్. - ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మగ్గు కోసమని డిగ్రీ ఎవరూ ఇవ్వరమ్మా. తోలు పనికి మాత్రం మంచి చదువులే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

మీ అక్కగారబ్బాయి వెళ్లింది బహుశా డాలస్ పక్కన వాక్సహాచీలో ఏటా వసంతంలో జరిగే స్కార్‌బరో తిరునాళ్లకి అయి ఉంటుంది. అమెరికాలో ఈ 'రినైసాన్స్' తిరునాళ్లు 1963లో కాలిఫోర్నియాలో మొదలయ్యాయి. జనం పాతకాలపు ఇంగ్లండ్ వేషాలు వేసుకుని వస్తారు. ఆ వేషంలో చేతిలో ప్లాస్టిక్ గ్లాసు ఉంటే అతకదు కదా! అందుకే తోలు మగ్గుకు అంత గిరాకీ. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు అది మామూలు ఇంటి సామాను, జాక్ అనేవారు. లోపల కీలు, అంటే తారులాంటి నల్లటి బంక, పూసిందైతే బ్లాక్ జాక్. లండన్‌లో తోలు సీసాలు చేసేవాళ్ల సంఘం 1476లోనే కొమ్ముపనివాళ్ల సంఘంలో కలిసిపోయింది. ఆ ఒక్క సరుకునే నమ్ముకుని ఒంటరిగా నిలబడటం అప్పట్లోనే కష్టమైనట్టుంది అనిపిస్తుంది నాకు. మీవాడికి నేను చెప్పేదీ అదే. బెల్టులు, బ్యాగులు, పర్సులు చేయడం వచ్చి, వాటితోపాటు మగ్గు కూడా అమ్మేవాడు నిలబడతాడు. మగ్గొక్కటే పట్టుకుంటే కష్టం.

ఇక పని విషయం. పర్సు కుట్టడం వేరు, నీళ్లు నిలిచేలా కుట్టడం వేరు. బ్యాగుల షాపుల్లో దొరికే మెత్తటి తోలు క్రోమియం లవణాలతో పదును చేసింది. తడిపి అచ్చుకు బిగించినా ఆరాక ఆ ఆకారం నిలవదు. మగ్గుకు చెట్టు బెరడుతో పదును చేసిన తోలు కావాలి, వెజిటబుల్ టాన్డ్ అని అడగాలి. మన దక్షిణాదిలో ఒకప్పుడు తంగేడు చెక్కతో ఈ పని చేసేవారు. మందం 3 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి. అడుగు 9 సెంటీమీటర్ల వెడల్పున్న మగ్గు అనుకోండి. చుట్టుకొలత 28 సెంటీమీటర్లు. అర సెంటీమీటరుకో బెజ్జం వేస్తే అడుగు కుట్టుకే 56. పక్క కుట్టు, పిడి కలిపితే నూరు దాటుతాయి. ఒక్కో బెజ్జం ఆరతో, అంటే తోలుకు బెజ్జాలు వేసే మొనదేలిన పనిముట్టుతో, పొడవాలి. తేనెమైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, రెండూ ఒకే బెజ్జంలోంచి ఎదురెదురుగా రావాలి. అలా కుడితే ఒక కుట్టు తెగినా మిగతావి ఊడవు. తర్వాత తోలును తడిపి, లోపల ఇసుక దట్టించి, ఆకారం తెచ్చి నెమ్మదిగా ఆరబెట్టాలి.

తోలు సొంతంగా నీళ్లను ఆపదు, లోపలి పూత ఆపుతుంది. తేనెమైనం సులువే కానీ 62, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే టీ, కాఫీలకు పనికిరాదు. పాతకాలపు కీలుకు వేడితోనూ పేచీయే, కింద పడితే పగులుతుంది కూడా. అందుకే ఇప్పుడు చాలామంది తినే వస్తువులకు వాడదగ్గ రెసిన్ అనే, ఆరితే గట్టిపడే బంక పూస్తున్నారు. అమెరికాలో అమ్మాలంటే ఇలాంటి పూతలకు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన 175.300 ఉంది. ఆ ప్రకారం తయారైనదని కంపెనీ కాగితం ఇచ్చే రెసినే కొనాలి. హార్డ్‌వేర్ షాపు ఎపాక్సీ వద్దు. నేనొకసారి ఇలాంటి మగ్గే ఒకటి చవకగా దొరికిందని కొని మజ్జిగ పోశాను. పొద్దున్నకి అడుగున చెమ్మ, వంటింటినిండా పచ్చి తోలు వాసన. మా ఆవిడ ఇప్పుడు అందులో పెన్నులు పెడుతోంది.

కోర్సులకు వస్తే, హైదరాబాద్‌లోనే ఎఫ్‌డీడీఐ (ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) క్యాంపస్ ఉంది. తోలు వస్తువుల డిజైన్‌లో బీడిజైన్ నాలుగేళ్లు, ప్రవేశానికి ఏఐఎస్‌టీ అనే పరీక్ష. మీవాడికి నేను మొదట చెప్పేది ఇదే. చెన్నైలోని ఫ్యాషన్ చదువుల సంస్థ నిఫ్ట్‌లో లెదర్ డిజైన్ ఉంది. ఇక బీటెక్ లెదర్ టెక్నాలజీ అని వినబడగానే అటు పరుగెత్తకండి. అది ఎక్కువగా కెమిస్ట్రీ, ట్యానరీ చదువు. తోలు తయారుచేసేవాళ్లకు పనికొస్తుంది, కుట్టేవాళ్లకు కాదు. చెన్నైలో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ చిన్న చిన్న శిక్షణలు కూడా ఇస్తుంది, సెలవుల్లో వెళ్లొచ్చు. ఎంసెట్ మాత్రం మాననివ్వకండి. ఇంత చదివాక పరీక్ష రాస్తే పోయేదేమీ లేదు.

అమెరికా లెక్క మీవాడు ఊహించినంత తేలిక కాదు. 800 డాలర్లలోపు పార్సిల్‌కు సుంకం లేకుండా వెళ్లే వెసులుబాటును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆపేసింది. పైగా తిరునాళ్లలో వంద డాలర్లు ఇచ్చేవాడు తోలుకొక్కదానికే ఇవ్వడు. ఎదురుగా కూర్చుని కుట్టి, తన పేరు అచ్చు వేసిచ్చే మనిషికి ఇస్తాడు. అది ఖమ్మం నుంచి చేయలేం. కాబట్టి మొదటి రెండేళ్లు హైదరాబాద్, బెంగళూరు కొనుగోలుదార్లనే చూసుకోవాలి.

బంధువుల మాట. మీవారినే అడగండి, వాళ్ల తాతగారి పొలానికి నీళ్లెలా వచ్చేవో. మోటకు కట్టే తొండం తోలుదే, చాలాచోట్ల బొక్కెన కూడా తోలుదే. ఆ నీళ్లతో పండిన అన్నం అందరూ తిన్నారు, దాన్ని కుట్టినవాళ్లను మాత్రం ఊరి బయట ఉంచారు. అదే పనిని ఇవాళ హ్యాండ్‌క్రాఫ్టెడ్ అంటే ముద్దొస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలకు పిలుపులు తగ్గాక అక్కడివాళ్లు అదే మేకతోలుతో దీపాలకు షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. మీవాడు ఒకసారి వెళ్లి చూడాల్సిన ఊరు. అయితే ఆ పల్చటి తోలు మగ్గుకు పనికిరాదు.

పరీక్షలయ్యాక మీ బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర ఓ నెల కూర్చోబెట్టండి. ఆర, రంపె (తోలు కోసే కత్తి) పట్టడం ఆయన నేర్పినట్టు ఏ వీడియో నేర్పదు. ఊరికే వద్దు, గురుదక్షిణ ముందే మాట్లాడుకోండి. ఆ తర్వాత ఒక్క మగ్గు చేయమనండి. నిండా నీళ్లు పోసి, రాత్రి న్యూస్ పేపరు మీద పెట్టమనండి. పొద్దున్నే కాగితం ఎలా ఉందో నాకు రాయండి, ఎఫ్‌డీడీఐ దరఖాస్తు గురించి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.