ఎలక్ట్రిక్ గిటార్‌లో బోల్ట్-ఆన్ నెక్ (బాడీకి స్క్రూలతో బిగించే పొడవాటి మెడ భాగం) స్క్రూలు ఎంత బిగించినా బాడీకి, నెక్‌కి మధ్య సందు ఎందుకు మిగులుతుంది?

బాడీలో వేసిన రంధ్రాలు మరీ బిగువుగా ఉండటం వల్లే ఎక్కువసార్లు ఆ సందు మిగులుతుంది. స్క్రూ మర నెక్ చెక్కలో మాత్రమే పట్టాలి, బాడీలోంచి వదులుగా జారిపోవాలి.

మర రెండు చెక్కల్లోనూ పట్టేస్తే, స్క్రూ తిప్పినప్పుడల్లా రెండింట్లోనూ ఒకే లెక్కన ముందుకు వెళ్తుంది. ఇక ఒకదాన్ని రెండోదాని దగ్గరికి లాగలేదు, ముందున్న ఖాళీ అలాగే ఉండిపోతుంది. బాడీ రంధ్రం వదులుగా ఉంటే స్క్రూ తల బాడీ వెనకున్న ప్లేటును నొక్కుతుంది, మర నెక్‌ని లోపలికి లాగుతుంది.

అమలాపురంలోనో పాలకొల్లులోనో వడ్రంగి చేత పనస చెక్కతో బాడీ చేయించారనుకోండి. స్క్రూ మందం 4.2 మి.మీ. అయితే బాడీలో 4.5, మేపుల్ నెక్‌లో సుమారు 3.2 మి.మీ. రంధ్రం సరిపోతుంది. మేపుల్ గట్టి చెక్క, పొడిగా బిగిస్తే స్క్రూ విరగొచ్చు. మరకి కాస్త కొవ్వొత్తి మైనం రాయడం మర్చిపోవద్దు. నెక్ కూర్చునే గాడి అడుగున పెయింట్ గడ్డలు ఉన్నా సందు వస్తుంది. అన్నట్టు, మన డెల్టా వానల్లో చెక్క ఉబ్బుతుంది, కాబట్టి ముసురులో నెక్ బిగుతుగా దిగుతోందని తొందరపడి గాడిని అరగదీయకండి.

బాడీ రంధ్రం ఎంత బిగువుగా ఉంటే నెక్ అంత కదలకుండా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. నెక్ పక్కకి జరగకుండా చూసేవి ప్రధానంగా గాడి గోడలు, స్క్రూల బిగింపు. బిగువైన రంధ్రం ఆ బిగింపునే దెబ్బతీస్తుంది.